పెరుగుతున్న గుంటూరులో పిల్లాపాపలతో కాపురం

గుంటూరులో అద్దె ఇల్లు వెతికే దంపతులు బ్రోకరుకు ముందుగా చెప్పేది పిల్లలు చదివే బడి పేరు. ఆ తర్వాత నీళ్ల సంగతి, బండి పెట్టుకునే చోటు, అద్దె. వాస్తు ఎటూ చూస్తారు. హాలు ఎంత, వంటగది ఎంత అన్నవి ఆఖర్న వస్తాయి. ఈ వరస ఊరికే ఏర్పడలేదు. ఇల్లు ఇరుకైనా సర్దుకోవచ్చు గానీ, బడి దూరమైతే ఏళ్ల తరబడి రెండు పూటలా ఆ తిరుగుడు ఇంట్లో పెద్దవాళ్ల నెత్తినే పడుతుందని జనానికి అనుభవంతో తెలుసు.

ఊరు పెరుగుతోందనగానే కొత్త అపార్ట్‌మెంట్లు, వెడల్పాటి రోడ్లు, షోరూములు కంటికి కనిపిస్తాయి. అది కాపురానికి ఎంత అనువైన ఊరో తేల్చడానికి మాత్రం వేరే కొలత కావాలి. పదేళ్ల పిల్ల ట్యూషన్‌కి తనంతట తాను వెళ్లి రాగలదా? డెబ్బై ఏళ్ల తాతయ్య షుగరు మాత్రలు తనే వెళ్లి తెచ్చుకోగలడా? ఈ రెండూ కుదిరిన పేటలో తల్లిదండ్రులకు ఊపిరాడుతుంది. కుదరని చోట ఎంత పెద్ద ఫ్లాటు కొన్నా ఇంట్లో ఒకరు డ్రైవరు పనిలో చేరినట్టే. గుంటూరు పాత పేటల్లో ఈ సౌకర్యం దశాబ్దాలుగా ఉంది. ఊరు కొత్తగా విస్తరిస్తున్న వైపు అదే కొరవడుతోంది.

కుటుంబాలు ఇక్కడికి రావడానికి కారణాలు పాతవే. 1885 నాటి ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ, 1946లో మొదలైన వైద్య కళాశాల, దానికి అనుబంధంగా జీజీహెచ్ అనే ప్రభుత్వ పెద్దాసుపత్రి, ఆ చుట్టుపక్కల కొత్తపేటలో వరసగా వెలిసిన నర్సింగ్ హోములు, ల్యాబులు, మందుల షాపులు. వ్యాపారం వైపు మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీలు, పొగాకు బోర్డు. పల్నాడు నుంచీ బాపట్ల వైపు నుంచీ రైతు కుటుంబాలు పిల్లల చదువుల కోసం గుంటూరులో కాపురం పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే. నాన్న ఊళ్లో పత్తి, మిరప చూసుకుంటాడు. అమ్మ పిల్లల్ని పెట్టుకుని విద్యానగర్‌లోనో కొరిటెపాడులోనో రెండు గదుల పోర్షన్‌లో ఉంటుంది. శనివారం సాయంత్రం నాన్న బియ్యం మూటతో బస్సు దిగుతాడు. ఇలా రెండు చోట్ల పొయ్యి వెలిగించే ఇళ్లు గుంటూరులో ఏ వీధిలో వెతికినా దొరుకుతాయి. అలాంటి ఇంట్లో ఆ తల్లి ఒక్కతే అన్నీ చూసుకోవాలి. ఆమెకు కార్ ఉండదు, చాలాసార్లు స్కూటీ కూడా రాదు. ఊరి అమరిక ఎలా ఉందన్నది అందరికంటే ఎక్కువగా తగిలేది ఆమెకే.

2011 జనాభా లెక్కల్లో నగర జనాభా దాదాపు ఆరున్నర లక్షలు. మరుసటి ఏడాది గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెం, పెదపలకలూరు, అంకిరెడ్డిపాలెం వంటి 10 గ్రామాలను కార్పొరేషన్‌లో కలిపారు. ఆ తర్వాత రాజధాని వచ్చింది. అమరావతి పేరు ఖరారైనప్పుడు భూముల ధరలు ఎగిశాయి, 2019 చివర్లో మూడు రాజధానుల మాట రాగానే పడ్డాయి, 2024లో మళ్లీ లేచాయి. ధర లేచినప్పుడల్లా ఊరు అమరావతి రోడ్డు వైపూ ఇన్నర్ రింగ్ రోడ్డు వైపూ ఇంకాస్త జరిగింది. 2022లో జిల్లాను విడదీసి పల్నాడు, బాపట్ల జిల్లాలు చేసినా, పెద్ద జబ్బు చేస్తే ఆ జనం వచ్చేది ఇప్పటికీ గుంటూరే. అంటే జిల్లా చిన్నదైంది గానీ ఊరి మీద భారం తగ్గలేదు.

పాత అమరిక ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే బ్రాడీపేట చూడాలి. అక్కడ చిరునామా అంటే రెండు అంకెలు: 4/14 అని రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అరండల్‌పేటలోనూ ఇదే పద్ధతి. ఊరికి కొత్తవాళ్లయినా అంకెలు లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరొచ్చు, చిన్నపిల్లాడు దారి తప్పినా తన ఇల్లు ఎక్కడో చెప్పగలడు. ఈ గళ్ల అమరిక వల్ల అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నా దారులు నాలుగైదు ఉంటాయి. ఒక వీధిలో షామియానా వేసి పెళ్లి చేస్తుంటే పక్క వీధిలోంచి పోవచ్చు. కొద్ది దూరానికే మరో కూడలి వస్తుంది గనక లోపలి అడ్డరోడ్లలో బండ్లు వేగం అందుకోలేవు. పిల్లల్ని సైకిలు మీద పంపాలంటే తల్లికి టెన్షన్ తగ్గేది అందుకే.

సాయంత్రం ఐదు దాటాక అక్కడి ఏదో ఒక అడ్డరోడ్డు మూలన కాసేపు నిలబడితే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఒక పక్క ఇస్త్రీ బండి, దాని ఎదురుగా పునుగులు వేసే బండి, కిరాణా కొట్టు, మందుల షాపు. మేడ మీద లెక్కల ట్యూషన్. పిల్లలు సైకిళ్లు గోడకి ఆనించి మెట్లెక్కుతారు. ఇస్త్రీ చేసే మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ మూలనే ఉంటాడు, ఏ పిల్ల ఎవరింటిదో ఆయనకు తెలుసు. "మీవాడు ఇంకా దిగలేదమ్మా, లైటు వెలుగుతూనే ఉంది" అని ఎదురింటి బాల్కనీలో నిలబడ్డ తల్లికి కింది నుంచే చెప్తాడు. ఈ కాపలా కోసం ఎవరూ జీతం కట్టడం లేదు. కొట్లు కింద, ఇళ్లు పైన ఉండే కట్టుబడి వల్ల వీధి ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఖాళీగా లేని వీధిలో పిల్లలు క్షేమంగా ఉంటారు.

అయితే ఇప్పటి బ్రాడీపేటలో ఇబ్బందులు లేవని కాదు. పెరడు, బావి ఉన్న ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, కింది అంతస్తులు డయాగ్నస్టిక్ సెంటర్లకు, క్లినిక్‌లకు పోయాయి. వచ్చే రోగుల బండ్లన్నీ రోడ్డు మీదే. అద్దెలు పెరిగి, తరతరాలుగా ఉన్న కుటుంబాలు కూడా ఇల్లు క్లినిక్‌కి ఇచ్చేసి గోరంట్ల వెళ్తున్నాయి. ఏ సౌకర్యం చూసి ఈ వీధులకు విలువ పెరిగిందో, ఆ సౌకర్యం అవసరమైన కుటుంబాలే వీటిని వదిలి వెళ్లాల్సి వస్తోంది. ఊరి పెరుగుదలలో అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇది.

గోరంట్ల వైపు ఇళ్లు బాగుంటాయి. గాలి, వెలుతురు, లిఫ్టు, కారుకి షెడ్డు, కొన్ని చోట్ల పిల్లలకు ఉయ్యాలలు. లోపం కనపడేది గేటు దాటాకే. రియల్ ఎస్టేట్ వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పొలం కొని ఒక్కో వెంచరు వేశారు. ప్రతి వెంచరుకీ దాని రోడ్లు దానివే. ఆ రోడ్లు పక్క వెంచరు గోడ దగ్గర ఆగిపోతాయి. గోడకి అవతల బడి గంట వినిపిస్తుంది. పిల్లాడిని అక్కడికి చేర్చాలంటే మాత్రం లోపలి రోడ్డంతా వెనక్కి వచ్చి, లారీలు తిరిగే మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తీసుకుని, మళ్లీ లోపలికి రావాలి. నడిచి పోగలిగేంత దూరం బండి ప్రయాణమైంది. అందరూ ఒకే మెయిన్ రోడ్డు మీదికి రావాలి గనక ఎనిమిదిన్నరకి అక్కడ జామ్. జామ్ చూసి భయపడి నడిచే వాళ్లు కూడా బండి తీస్తారు, దాంతో జామ్ ఇంకా పెరుగుతుంది.

అక్కడి ఒక తల్లి దినచర్య చూస్తే దీని ఖరీదు తెలుస్తుంది. పొద్దున పెద్దవాడిని బడి దగ్గర దించాలి, వచ్చి చిన్నదాన్ని తయారుచేసి ఇంకో బడికి. మధ్యాహ్నం చిన్నదానికి క్యారేజీ, మూడున్నరకి దాన్ని తీసుకురావడం, ఐదింటికి ట్యూషన్, ఏడింటికి మళ్లీ ట్యూషన్ దగ్గర హాజరు. మధ్యలో అత్తగారికి రక్త పరీక్ష ఉంటే ఆ రోజు అన్నీ తలకిందులే. ఇన్ని తిరుగుళ్లున్న మనిషి ఉద్యోగం చేయడం ఎలా కుదురుతుంది? చదువుకున్న ఆడవాళ్లు పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తున్నారని బాధపడే వాళ్లు వాళ్ల స్కూటీ మీటరు కూడా చూడాలి. బ్రాడీపేటలో సైకిలు, ఇస్త్రీ బండి మనిషి, నాలుగు దారులు కలిసి చేసే పనిని ఇక్కడ ఆమె ఒక్కతే చేస్తోంది.

బస్సు ఆదుకోవచ్చు కదా అనిపిస్తుంది. గుంటూరు లోపల తిరిగే సిటీ బస్సులు అంతంత మాత్రం, జనం ఆధారపడేది షేర్ ఆటోల మీద. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. తెనాలికో విజయవాడకో పనికి వెళ్లే మహిళలకు అది నిజంగా పెద్ద ఊరట, నెల జీతంలో మిగులు కనిపిస్తుంది. కానీ గోరంట్ల నుంచి కొత్తపేట డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఆటోకి డబ్బులు ఇవ్వాల్సిందే. ఉచితంగా ఎక్కడానికి ముందు బస్సంటూ ఉండాలి. అమరావతి రోడ్డు మీదా, రింగ్ రోడ్డు మీదా చిన్న బస్సులు పది నిమిషాలకొకటి తిరిగితే ఎన్ని స్కూటీలు ఇంట్లో ఉండిపోతాయో ఊహించుకోవచ్చు.

రైలు పట్టాలు ఈ ఊరిని తూర్పు, పడమరలుగా చీలుస్తాయి. అసెంబ్లీ నియోజకవర్గాలకు కూడా అవే పేర్లు. ఒక పక్క జీజీహెచ్, కొత్తపేట, పాత గుంటూరు. ఇంకో పక్క బ్రాడీపేట, లక్ష్మీపురం, విద్యానగర్. రెంటినీ కలిపే ప్రధాన దారి శంకర్ విలాస్ దగ్గరి వంతెన. 1958లో కట్టిన ఆ వంతెన ఊరి అవసరానికి ఏనాడో చాలకుండా పోయింది. కొత్తది కట్టడానికి 2025లో దాన్ని మూసి పనులు మొదలుపెట్టారు. దాంతో జనం కంకరగుంట వంతెనకీ మూడు వంతెనల దారికీ మళ్లారు. వానాకాలంలో పట్టాల కింది దారుల్లో నీళ్లు నిలుస్తాయి. వాన పడిన రాత్రి జ్వరంతో ఉన్న పిల్లని కొత్తపేట తీసుకెళ్లాల్సిన ఇంట్లో గుబులంతా ఏ దారిలో నీళ్లున్నాయోనని. వంతెన ఆలస్యాన్ని కాంట్రాక్టు గడువులతోనే కొలుస్తున్నారు. దాన్ని కొలవాల్సింది ఇలాంటి రాత్రులతో.

ఇక కాళ్ల కింద ఉన్న ఊరి సంగతి. ఫుట్‌పాత్ అని గుంటూరులో చాలా వీధుల్లో ఉండేది సైడు కాలువ మీద పరిచిన నాపరాళ్లో సిమెంటు పలకలో. పూడిక తీయడానికి వాటిని లేపి పక్కన పెడతారు, తిరిగి వేయడం వారం పడుతుంది. ప్రతి ఇంటి ముందూ కారు ఎక్కడానికి ర్యాంపు, ఒక్కో ఇంటిది ఒక్కో ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న మామ్మ ఆ ఎత్తుపల్లాలు దిగుతూ ఎక్కుతూ నడవలేక రోడ్డు మీదికి దిగుతుంది, రోడ్డు మీద బండ్లను చూసి భయపడి ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంకో లోపం కూడా మామూలైపోయింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేయడంతో రోడ్డు ఎత్తు పెరిగి, పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. వానొస్తే వీధిలో నీళ్లు గుమ్మంలోకి వస్తాయి.

నగరానికి మంచినీళ్లు కృష్ణ నుంచే. ఉండవల్లి దగ్గర తోడి తక్కెళ్లపాడులో శుద్ధి చేసి పంపుతారు. అయినా మధ్యతరగతి ఇళ్లలో తాగడానికి వాటర్ టిన్నే కొంటారు. 2018 మార్చిలో పాత గుంటూరులో మంచినీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. ఆ తర్వాత జనానికి కొళాయి మీద నమ్మకం మళ్లీ కుదరడం కష్టమైంది. మంచినీటి గొట్టం, మురుగు కాలువ పక్కపక్కనే సాగే వీధుల్లో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, అందుకే భూగర్భ డ్రైనేజీ అంత ముఖ్యం. గత దశాబ్దంలో మొదలుపెట్టిన ఆ పని మధ్యలో ఆగి, తవ్విన వీధులు ఏళ్లపాటు అలాగే ఉన్నాయి. పార్కులో సెల్ఫీ పాయింటు పెట్టే ముందు పూర్తి చేయాల్సింది ఇదే. పాత గుంటూరులో బిడ్డను పెంచే తల్లికి కొళాయి నీళ్ల మీద నమ్మకం కంటే ముఖ్యమైన సౌకర్యం లేదు.

ఆడుకునే చోటు గురించి కూడా గట్టిగానే మాట్లాడాలి. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది, పాత ఊళ్లో గాంధీ పార్కు ఉంది. పొద్దున నడకకి పెద్దలు వెళ్తారు. పిల్లలకి కావాల్సింది వీధి చివర ఉండే చిన్న స్థలం. లేఅవుట్ వేసేటప్పుడు పది శాతం స్థలం పార్కులాంటి అవసరాలకి వదలాలని నియమం ఉంది. చాలా చోట్ల ఆ స్థలం చుట్టూ కంచె, లోపల సర్కారు తుమ్మ. బడుల్లోనూ అంతే. చదువుల కోసమే పేరున్న ఊళ్లో ఎన్నో బడులు అపార్ట్‌మెంటు లాంటి భవనాల్లో నడుస్తాయి, ఆటల పీరియడ్ టైమ్‌టేబుల్‌లోనే ఉంటుంది. మే నెలలో ఎండ నలభై దాటినప్పుడు ఆరు బయట ఆట ఎలాగూ సాయంత్రం ఆరు తర్వాతే. అప్పటికి ట్యూషన్ మొదలవుతుంది. ఇలా పెరిగే పిల్లలకి ర్యాంకు రావచ్చు. చెమట పట్టేలా పరిగెత్తిన సాయంత్రాలు ఎన్ని పోగొట్టుకున్నారో ఆ ర్యాంకుల ప్రకటనల్లో రాయరు.

పెద్దవాళ్ల సంగతికొస్తే గుంటూరుకి ఒక ప్రత్యేకత ఉంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడి ఫ్లాటులో ఉన్న ఇళ్లు లక్ష్మీపురంలో, బృందావన్ గార్డెన్స్‌లో ఎన్నో. లక్ష్మీపురంలో ఆ దంపతులకి గుడి, బ్యాంకు, కూరల షాపు, క్యారేజీ పంపే కర్రీ పాయింటు అన్నీ కిందే. అదే జంట కొడుకు ముచ్చటపడి ఊరి బయట కొన్న విల్లాకి మారితే, పాల ప్యాకెట్టుకి కూడా ఫోను చేయాలి. ఆయన బండి నడపడం మానేసిన రోజు నుంచి ఆ విల్లాలో ఇద్దరూ ఒంటరివాళ్లే. తల్లిదండ్రుల కోసం ఇల్లు కొనే పిల్లలు చదరపు అడుగులు చూసే ముందు మందుల షాపు ఎంత దూరమో చూడాలి.

కుటుంబాలకు అనువైన ఊరు అన్నప్పుడు ఏ కుటుంబాలకు అన్నది కూడా అడగాలి. టు-లెట్ బోర్డు చూసి ఫోను చేస్తే రెండో ప్రశ్న "మీరెవరు?" అనే వస్తుంది. అడిగేది కులం. దళిత కుటుంబానికి, ముస్లిం కుటుంబానికి, భర్త లేకుండా పిల్లల్ని పెంచుకుంటున్న స్త్రీకి బడి పక్క వీధిలో ఖాళీ పోర్షన్ ఉన్నా దొరకదు. వాళ్లు దూరంగా వెళ్లి ఉండాల్సి వస్తుంది. పైన చెప్పుకున్న దూరం అందరికీ ఒకేలా లేదు. కొందరికి అది డబ్బు లేక వచ్చింది, కొందరికి డబ్బున్నా ఇల్లివ్వక వచ్చింది. ఊరు ఎంత విస్తరించినా ఈ ఒక్క ప్రశ్న మారకపోతే ఆ పెరుగుదల సగం జనానికి చెందదు.

వీటన్నిటి మధ్య కూడా గుంటూరు వదలడానికి జనం ఇష్టపడరు, అందులో న్యాయం ఉంది. హైదరాబాద్‌తో చూస్తే ఇప్పటికీ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి చేతిలో ఉంటుంది. రాత్రిపూట డాక్టరు దొరుకుతాడు. అత్తమామలు, పిన్నిగారు, మేనమామ అరగంట దూరంలో ఉంటారు, పిల్లకి ఒళ్లు వెచ్చబడితే ఆఫీసు మానకుండా ఎవరో ఒకరి దగ్గర వదలొచ్చు. మిరప సీజనులో మిర్చి యార్డున్న నరసరావుపేట రోడ్డు మీద వెళ్తే ముక్కు ఘాటెక్కుతుంది, తుమ్ములొస్తాయి. ఆ ఘాటు మీదే హమాలీల ఇళ్లూ, కమీషన్ వ్యాపారుల ఇళ్లూ, ఊళ్లో సగం కొట్లూ నడుస్తున్నాయి.

కాబట్టి చేయాల్సిన పని కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. గోరంట్లకి నమూనా బ్రాడీపేటలోనే ఉంది. సాధారణ లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు లోపలి రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ రాయించుకుంటారు. అంటే గోడకి ఇవతలి రోడ్డూ అవతలి రోడ్డూ కార్పొరేషన్‌వే. మధ్యలో ఉన్న గోడకి ఒక సైకిలు, ఒక తోపుడు బండి పట్టేంత దారి తెరవడానికి భూసేకరణ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. వార్డు సచివాలయంలో కూర్చుని లేఅవుట్ ప్లాన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ బడి దగ్గర ఏ గోడ అడ్డమో ఒక్క పూటలో తేలిపోతుంది. కొత్త వెంచర్లకైతే పక్క పొలం వైపు కనీసం రెండు రోడ్లు వదిలితేనే అనుమతి అనాలి. ప్లాట్ల యజమానులు దొంగల భయం చెప్తారు. దానికి జవాబు దీపం, ఆ దారి మొదట్లో ఒక కిరాణా కొట్టుకో ఇస్త్రీ బండికో చోటు. దారి తెరిచిన మర్నాటి నుంచి ఆ వీధి పిల్లలు బడికి నడిచే వెళ్లొచ్చు.